మునగాల దివాణం నుంచి అచ్చు పుస్తకం దాకా

సూర్యాపేట నుంచి కోదాడ పోయే విజయవాడ రోడ్డు మీద ఉంటుంది మునగాల. ఇప్పుడది సూర్యాపేట జిల్లాలో ఒక మండల కేంద్రం. ఒకప్పుడు చుట్టూ నిజాం రాజ్యం ఉంటే, మునగాల పరగణా మాత్రం ఇంగ్లిషువాళ్ల ఏలుబడిలో, కృష్ణా జిల్లా కింద ఉండేది. 1959లో గాని నల్లగొండ జిల్లాలో కలవలేదు.

ఇంత చిన్న పరగణా పేరు తెలుగు పుస్తకాల చరిత్రలో నిలవడానికి కారకులు జమీందారు రాజా నాయని వెంకటరంగారావు, ఆయన దివాను కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. 1877లో పెనుగంచిప్రోలులో పుట్టిన లక్ష్మణరావు నాగపూరులో అక్క భండారు అచ్చమాంబ దగ్గర ఉండి చదువుకున్నాడు. మరాఠీలో వస్తున్న చరిత్ర, శాస్త్ర గ్రంథాలు చదివిన మనిషికి తెలుగులో అలాంటివి లేని లోటు కొట్టొచ్చినట్టు కనిపించి ఉంటుంది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం స్థాపనలో రాజా, దివాను ఇద్దరూ ఉన్నారు. 1906లో అదే ఊళ్లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి మొదలైంది. దాని తొలి ప్రచురణ గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రమూ ఆ మండలి వేసినదే.

మండలి 1908లో మద్రాసుకు మారింది. నిజాం రాజ్యంలో ఉర్దూదే పైచేయి. తెలుగు అచ్చుకు మద్రాసే పెద్ద దిక్కు. చదువరి ఒకచోట, అచ్చుకూటం ఇంకోచోట ఉండటం తెలుగువాళ్లకే వచ్చిన చిక్కు కాదు. ఇంగ్లండు యూదుల పండుగ ప్రార్థన పుస్తకాలు చాలాకాలం ఆమ్‌స్టర్‌డాం నుంచే వచ్చేవి. 18వ శతాబ్దం చివర, టోపీల పనితో బతికిన డేవిడ్ లెవీ ఆ ప్రార్థనలకు ఇంగ్లిషు అనువాదం చేసి లండన్‌లోనే వేయించాడు.

లక్ష్మణరావు తలకెత్తుకున్న పెద్ద పని ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. మూడు సంపుటాలు వచ్చాయి. మూడింటికీ ‘అ’ అక్షరమే సరిపోయింది. 1923లో ఆయన మద్రాసులో కన్నుమూయడంతో ఆ పని ఆయన చేతుల్లో పూర్తి కాలేదు.

పుస్తకాల పోషకుడిగా రాజాకు దక్కిన పేరు పరగణా రైతుల నోట వినిపించదు. 1930లలో వాళ్లు ఆయన జమీందారీ మీదే తిరగబడ్డారు. ఈ రెండూ కలిపి చెప్పకుంటే మునగాల కథ సగమే అవుతుంది.

మళ్లీ అచ్చు సంగతికి వస్తే, 1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక ప్రారంభించాడు. ఈ ప్రాంతపు తెలుగు చదువరులకు దగ్గరలోనే ఒక పత్రిక దొరికింది.