కొట్టం కడిగిన నీళ్లు ఎటు పోతున్నాయి?

కుసుమంచిలో ఎండాకాలం పొద్దు. కాకతీయుల నాటి గణపేశ్వరాలయం వెనకపడింది. మిర్చి కట్టె పీకేసి దున్నిన నల్లరేగడి చేల మధ్య నడుస్తున్నారు మీరు. ఇంకా చీకటి విడలేదు గానీ గాలి అప్పుడే వెచ్చబడింది. ఎదురుగా తాటికమ్మలు కప్పిన పొడవాటి కొట్టం, అందులో ఐదు బర్రెలు.

లోపల అడుగు పెట్టి గట్టిగా ఊపిరి పీల్చండి. గడ్డి వాసన, పాల వాసన, పచ్చి పేడ వాసన. కళ్లు మండవు. కొట్టాన్ని కొలిచే మొదటి పరీక్ష నా లెక్కలో ఇదే. కళ్లు మండాయంటే మూత్రంలోని నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతున్నట్టే. చేనుకు చేరాల్సిన బలం పశువుల ఊపిరితిత్తుల్లోకి పోతున్నట్టే.

"ఎనకనుంచి రాకు బిడ్డా, అది కొత్తది, తంతది" అంటూ కొట్టం శుభ్రం చేస్తున్న అవ్వ పార పక్కన పెడుతుంది. తడిసిన గడ్డి తీసి పొడి వరిగడ్డి పరుస్తోంది. కోత మిషన్ చేలో వదిలేసిన గడ్డి అది. చాలా ఊళ్లలో దానికి అగ్గి పెడతారు. ఇక్కడ ఎత్తుకొచ్చి మూత్రం పీల్చుకోవడానికి పరుస్తారు. పశువు వదిలే నత్రజనిలో సగం దాకా మూత్రంలోనే ఉంటుంది. పేడ ఒక్కటే ఎత్తి, మూత్రాన్ని వీధి కాలువకు వదిలేసే రైతు సగం ఎరువు పారబోసుకున్నట్టే. ఈ కొట్టం నేల ఒక వైపుకు వాలుగా ఉంది. చిన్న కాలువ ఒకటి, దాని చివర ఎండాకు, మట్టి నింపిన గుంత.

పేడ తట్టలకెక్కింది. ఒక్కో బర్రెకు 15 కిలోలనుకున్నా ఐదింటికి 75. అందులో 50 కిలోలు సమానంగా నీళ్లు కలిపి గోబర్ గ్యాస్ తొట్టిలోకి పోతాయి. రెండు ఘనమీటర్ల ప్లాంటుకు అంత చాలు, ఇంటిల్లిపాది వంట గడుస్తుంది. మిగతాది పెంటగుంతకు.

గుంత దగ్గరికి రండి. పైమట్టి తొలగించి లోపలికి చెయ్యి పెట్టబోతారు, సెగకు వెనక్కి లాక్కుంటారు. బాగా మాగుతున్న కుప్ప 55, 60 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆ వేడికి గడ్డి విత్తనాలు, ఈగ పిల్లలు చస్తాయి. వేసవిలో గుడ్డు నుంచి ఈగ కావడానికి పది రోజులు కూడా పట్టదు. అందుకే పేడను ఏ రోజుది ఆ రోజు ఎత్తి మూసేస్తే చాలావరకు మందు కొట్టే పనుండదు. ఏరువాకకు ముందు ఈ పెంటే ట్రాక్టర్లలో చేలకు తోలతారు. పచ్చిపేడ తోలితే దాంతోపాటే వేరుపురుగు, చెదలు వస్తాయి.

ఎండ ముదిరింది. బర్రె చర్మం నలుపు, చెమట గ్రంథులు తక్కువ. ఒంటికి నీళ్లు తగిలితేగానీ దానికి ప్రాణం కుదుటపడదు. పలుపులు విప్పగానే వాటంతట అవే పాలేరు జలాశయం వైపు నడుస్తాయి. ఇక్కడే నాకు భయం. పిడుదులకు, గోమార్లకు కొట్టంలో వాడే డెల్టామెత్రిన్ చేపలకు విషం. పొద్దున మందు పూసి మధ్యాహ్నం పశువును నీళ్లలో దింపితే ఆ మందు జలాశయంలో కలుస్తుంది. మందు డబ్బా కడిగిన నీళ్లూ అంతే. సాగర్ ఎడమ కాలువ నీటితో నిండే ఈ పాలేరు మీద ఎన్నో మత్స్యకార కుటుంబాలు బతుకుతున్నాయి. మిషన్ భగీరథ తాగునీరూ ఇక్కడి నుంచి వెళుతుంది.

కడుపులో పురుగులకు ఇచ్చే ఐవర్‌మెక్టిన్ కూడా పేడలోంచి బయటికొచ్చి పేడపురుగులను చంపుతుంది. ఆ పురుగు విలువ తెలియాలంటే ఆస్ట్రేలియాను చూడాలి. అక్కడి పురుగులు ఆవుపేడను మట్టిలో కలపలేక ఈగలు కమ్ముకుంటే, 1968 నుంచి బయటి దేశాల పేడపురుగులను తెచ్చి వదిలారు. మన చేలల్లో అవి ఉచితంగా ఉన్నాయి. పశువైద్యుణ్ణి అడగకుండా ఏటా అలవాటుగా మందు పట్టించి వాటిని పోగొట్టుకోవడం తప్పు.

తొలకరి పడకముందే ఒక్క పని చేయండి. మీ కొట్టం కడిగిన నీళ్ల వెంట చివరిదాకా నడవండి. అవి చెరువు వైపు పోతుంటే అడ్డంగా గుంత తవ్వి మీ చేనుకు మళ్లించండి. మందు పూసిన పశువును చెరువులో దింపకండి, ఇంటి దగ్గరే నీళ్లు చల్లండి.