పాతబస్తీలో సామాజిక సేవ

హైదరాబాద్‌లో మూసీనదికి దక్షిణాన, చార్మినార్ చుట్టూ అల్లుకున్న పాత నగరాన్ని జనం పాతబస్తీ అంటారు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా పునాది వేసిన ఊరు ఇదే. కోటగోడ చాలావరకు పోయినా దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు ఇంకా నిలిచే ఉన్నాయి. ముస్లింలు ఎక్కువగా ఉండే ప్రాంతమే అయినా లాల్‌దర్వాజా, గౌలిపురా, ఛత్రినాక, ఉప్పుగూడ వంటి చోట్ల తెలుగు కుటుంబాలు తరాలుగా కాపురముంటున్నాయి. బోనాల నెలలో ఈ గల్లీలు చూసినవాళ్ళకు ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడి సామాజిక సేవ చరిత్రలో ఆసుపత్రులున్నాయి, అనాథాశ్రమాలున్నాయి, అల్లర్ల తర్వాతి శాంతి కమిటీలున్నాయి, పోలీసు కేసులున్నాయి. వీటన్నిటి వెనక ఉన్న చిక్కు మాత్రం ఒక్కటే. సాయం అవసరమైన మనిషి, అందులోనూ ఆడమనిషి, గడప దాటి ఏ ఆఫీసుకూ రాదు. ఇంటి గుమ్మానికి వేలాడే పరదా దాకా పని తానే నడిచి వెళ్ళాలి. అలా వెళ్ళిన ప్రయత్నాలే ఇక్కడ వేళ్ళూనుకున్నాయి.

దారుల్‌షిఫా నుంచి వరద దాకా

నగరం పుట్టిన నాలుగేళ్ళకే, 1595లో, కులీ కుతుబ్‌షా దారుల్‌షిఫా కట్టించాడు. రెండంతస్తుల భవనం, మధ్యలో విశాలమైన ఆవరణ. రోగులకు యునానీ వైద్యం చేస్తూనే విద్యార్థులకు వైద్యం నేర్పేవారు. ఆ పేరు ఇప్పుడు పేటకు మిగిలింది. యునానీ సంప్రదాయం మాత్రం చార్మినార్ పక్కనున్న నిజామియా ఆసుపత్రిలో నేటికీ నడుస్తోంది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. చనిపోయినవాళ్ళు సుమారు 15 వేలమంది అని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఉన్న ఆవరణలో ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇంకా ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నిరాశ్రయులకు తన ప్యాలెస్‌ల తలుపులు తెరిపించాడు. సరోజినీ నాయుడు సహాయపనుల్లో తిరిగింది. ఆ సేవకు బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన కైసర్-ఎ-హింద్ పతకాన్ని జలియన్‌వాలాబాగ్ కాల్పుల తర్వాత తిప్పి పంపేసింది. వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలను తొలగించి రోడ్లు వేసింది, ఇళ్ళు కట్టించింది. పేదవాడి ఇల్లు కూడా సర్కారు బాధ్యతేనని ఈ నగరంలో స్పష్టంగా ఒప్పుకున్నది అప్పుడే.

పేదరికం ఎక్కణ్ణుంచి వచ్చింది

పాతబస్తీ మొదటినుంచీ పేదది కాదు. ఇక్కడి దేవిడీల్లో నవాబులుండేవారు. వాళ్ళను ఆనుకుని సిపాయిలు, గుమాస్తాలు, వంటవాళ్ళు, బగ్గీవాళ్ళు, దర్జీలు, చేతిపనివాళ్ళు వేల కుటుంబాలు బతికేవి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం జరిపిన పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్ల రద్దు న్యాయమైన పనే. కానీ ఆ జాగీరు మీద జీతానికి బతికిన నౌకరుకు వేరే దారి ఎవరూ చూపలేదు. నిజాం సైన్యాన్ని రద్దు చేయడంతో సిపాయిలూ రోడ్డున పడ్డారు. కొత్త ఆఫీసులు, కాలేజీలు, ఫ్యాక్టరీలు నదికి ఉత్తరాన వచ్చాయి. పాతబస్తీ మగవాళ్ళకు రిక్షా, ఆటో, చిన్న దుకాణం, గల్ఫ్ వీసా మిగిలాయి. ఆడవాళ్ళకు ఇంట్లో కూర్చుని చేసే పనులు మిగిలాయి: జరీ పని, గాజులకు రాళ్ళు అతకడం, అగరొత్తులు చుట్టడం, బట్టలు కుట్టడం.

తెలుగువాళ్ళు మగ్గం వర్క్ అనే పెళ్ళి జాకెట్ల పనిలో పెద్ద భాగం ఇలాంటి ఇళ్ళలోనే జరుగుతుంది. చెక్క చట్రానికి బట్టను బిగువుగా లాగి కట్టి, దాని చుట్టూ నేల మీద కూర్చుంటారు. ఒక చెయ్యి బట్ట కింద దారం అందిస్తుంది, పై చెయ్యి సూదితో లాగుతుంది. సాయంత్రానికి నడుము పట్టేస్తుంది, కళ్ళు మంటపెడతాయి. కూలి గంటలకు కాదు, ముక్కకు లెక్క. ముక్క తెచ్చేదీ, తీసుకుపోయేదీ, ధర చెప్పేదీ మధ్యవర్తే. షోరూములో ఆ జాకెట్ ధర ఎంతో కుట్టినామెకు తెలిసే దారి లేదు.

కుట్టుమిషను దారి

స్వాతంత్ర్యం తర్వాత తొలి గట్టి ప్రయత్నాల్లో సంగం లక్ష్మీబాయిది చెప్పుకోదగ్గది. ఘట్‌కేసర్‌లో పుట్టి, గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ నడిపిన శారదానికేతనంలో చదువుకుంది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళి, ఆ అనుభవాలను పుస్తకంగా రాసింది. తర్వాత మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికైంది. సైదాబాద్ దగ్గర ఆమె ఆడపిల్లల కోసం స్థాపించిన ఆశ్రమం పేరు ఇందిరా సేవాసదన్. నేడు ఎంతోమంది బస్సుల్లో, ఆటోల్లో ‘ఐఎస్ సదన్ చౌరస్తా’ అంటూ దిగుతుంటారు. ఆ రెండక్షరాల్లో ఉన్నది ఒక అనాథ బాలికల ఇల్లు అని వాళ్ళలో ఎందరికి తెలుసో! ఒక రాజకీయ నాయకురాలికి ఇంతకంటే మంచి స్మారకం ఉండదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

1967లో మునిసిపల్ కార్పొరేషన్ పట్టణ సముదాయ అభివృద్ధి ప్రాజెక్టును ప్రారంభించింది. తర్వాత యునిసెఫ్, బ్రిటన్ సాయం కూడా దీనికి తోడయ్యాయి. భారతదేశంలో మురికివాడల పని గురించి రాసినవాళ్ళలో చాలామంది హైదరాబాద్‌ను ఉదాహరణగా చూపడానికి కారణం ఈ ప్రాజెక్టే. దీని పద్ధతి సులువు. సముదాయ కార్యకర్త బస్తీకి వెళ్తారు, కూర్చుంటారు, ముందు మీకేం కావాలని అడుగుతారు. బాల్వాడీలు, మహిళా మండళ్ళు, కుట్టు కేంద్రాలు అలా వచ్చాయి.

వీటిలో కుట్టు కేంద్రం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పైనుంచి చూసేవాళ్ళకు అది చిన్న పథకం. ఆడవాళ్ళకు కుట్టుమిషన్లు తప్ప ఇంకేమీ ఇవ్వరా అని విమర్శించినవాళ్ళూ ఉన్నారు. విమర్శలో నిజం ఉంది. అయితే పాతబస్తీలో ఒక అమ్మాయి “మీటింగుకు వెళ్తాను” అంటే తండ్రో, అన్నో, అత్తగారో వద్దంటారు. “కుట్టు నేర్చుకోవడానికి వెళ్తాను” అంటే అభ్యంతరం చెప్పడానికి ఎవరికీ సాకు దొరకదు. వారం పదిరోజులు కుట్టు సాగాక, మిషను చప్పుడు మధ్య, పక్కనున్నామెకు మాత్రమే వినబడేలా అసలు మాట బయటికొస్తుంది. మొగుడు కొడుతున్నాడనో, ఇంటికి పెళ్ళిళ్ళ దలారి వచ్చి వెళ్ళిందనో, చెల్లెల్ని బడి మాన్పించారనో. కార్యకర్త పని అప్పుడు మొదలవుతుంది.

అల్లర్ల తర్వాత

1990 డిసెంబరు మతకలహాల్లో నగరంలో 130 మందికి పైగా చనిపోయారు. రోజుల తరబడి కర్ఫ్యూ. రోజుకూలి మీద బతికే ఇంట్లో కర్ఫ్యూ అంటే పొయ్యి వెలగకపోవడం. ఆ నెత్తుటి తర్వాత పాతబస్తీలో పనిచేసే చిన్న చిన్న సంఘాలు కలిసి స్వచ్ఛంద సంస్థల సమాఖ్యగా ఏర్పడ్డాయి. కోవా అనే పొట్టిపేరుతో అది అందరికీ తెలుసు. దాన్ని నడిపింది మజర్ హుస్సేన్. శాంతి గురించి ఉపన్యాసాలతో సరిపెట్టకుండా, హిందూ ముస్లిం ఆడవాళ్ళు ఒకే గదిలో కూర్చుని పనిచేసే ఏర్పాట్లు చేయడం కోవా ప్రత్యేకత. పుకారు పుట్టినప్పుడు అవతలి గల్లీలో పేరుపెట్టి పిలవగలిగిన మనిషి ఒకరుంటే, ఫోన్‌చేసి నిజమేమిటో అడగవచ్చు.

అరబ్ షేకుల పెళ్ళిళ్ళు

పాతబస్తీ పేరును దేశమంతా సిగ్గుతో పలికేలా చేసిన సమస్య ఇది. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెనీ అరబ్బుల వంశస్థులు బార్కస్‌లో స్థిరపడ్డారు. అరబ్ దేశాలతో రాకపోకలు పాతవే. 1970ల్లో చమురు డబ్బు పెరిగాక ఆ రాకపోకల్లోకి మరో వ్యాపారం చొరబడింది. వయసు మళ్ళిన షేకు వస్తాడు. దలారి పేద ఇళ్ళ ఆడపిల్లలను చూపిస్తుంది. డబ్బు చేతులు మారుతుంది, ఖాజీ నిఖా చదువుతాడు. మెహర్ పేరుతో వచ్చిన సొమ్ములో దలారికింత, ఖాజీకింత పోగా తల్లిదండ్రులకు దక్కేది మిగిలినదే. కొందరు నిఖా కాగితంతోపాటే తలాక్ కాగితం మీద కూడా సంతకం పెట్టి పోయేవారు. కొందరు పిల్లను వెంట తీసుకెళ్ళి ఇంటిపనికి పెట్టుకునేవారు. 1982లో సాగర్ సర్హదీ తీసిన ‘బాజార్’ హిందీ సినిమా ఈ కథనే చెప్పింది.

1991 ఆగస్టులో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో ఒక చిన్నపిల్ల ఏడుస్తూ కనిపించింది. పక్కన కూర్చున్న సౌదీ వృద్ధుడు తన భర్త అని చెప్పింది. ఎయిర్‌హోస్టెస్ అమృతా అహ్లూవాలియా ఊరుకోలేదు. విమానం దిగగానే ఆ వృద్ధుణ్ణి పోలీసులకు పట్టించింది. దేశం అట్టుడికింది. పత్రికలు ఆ పిల్ల ఇంటిముందు బారులు తీరాయి, తర్వాత వెళ్ళిపోయాయి. పెళ్ళిళ్ళు ఆగలేదు. 2017 సెప్టెంబరులో కూడా దక్షిణ మండల పోలీసులు ఒమన్, ఖతార్ దేశీయులు ఎనిమిదిమంది సహా 20 మందిని ఇదే నేరానికి అరెస్టు చేశారు. వాళ్ళలో ఖాజీలూ ఉన్నారు.

చట్టం లేక కాదు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం 18 నిండని అమ్మాయి పెళ్ళి నేరం. మైనారిటీ తీరిన రెండేళ్ళలోపు ఆమె ఆ పెళ్ళిని రద్దు చేయించుకోవచ్చు కూడా. కానీ అందుకు తన తల్లిదండ్రులను ఎదిరించి కోర్టుకెక్కాలి. ఇరవై ఏళ్ళయినా నిండని పిల్ల, ఒళ్ళో బిడ్డతో, ఆ పని ఎలా చేస్తుంది? ఎవరైనా పక్కన నిలబడితేనే చేయగలదు.

2002లో ఉర్దూ, దక్కనీ కవయిత్రి జమీలా నిషాత్ స్థాపించిన షాహీన్ సంస్థ ఆ పక్కన నిలబడే పనిని ఎంచుకుంది. సుల్తాన్‌షాహీ గల్లీల్లో కుట్టు, జరీ, మెహందీ, కంప్యూటర్ నేర్పుతూ మొదలైన చోటే బాధిత స్త్రీలకు సలహా కేంద్రం అయింది. దాని చుట్టుపక్కల దళిత, ముస్లిం బస్తీలు రెండూ ఉన్నాయి, అమ్మాయిలు రెండు వైపులనుంచీ వస్తారు. ఒకప్పుడు సాయం కోసం వచ్చినవాళ్ళే తర్వాత కార్యకర్తలై ఇల్లిల్లూ తిరుగుతారు. ఏ ఇంట్లో పెళ్ళి మాటలు నడుస్తున్నాయో వాళ్ళకు పోలీసులకంటే ముందే తెలుస్తుంది.

2014 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం పేద మైనారిటీ కుటుంబాల ఆడపిల్లల పెళ్ళికి సాయంగా షాదీముబారక్ పథకం తెచ్చింది. మొదట 51 వేలు ఇచ్చిన ఆ సాయం తర్వాత 1,00,116 రూపాయలకు పెరిగింది. వధువుకు 18 నిండి ఉండాలన్న షరతు ఇందులో అసలు విలువైన భాగం. వయసు రుజువు చూపాల్సి రావడంతో కొన్ని ఇళ్ళలో పెళ్ళి ఒకటి రెండేళ్ళయినా వెనక్కి జరుగుతుంది.

గాజుల కార్ఖానాల్లో పిల్లలు

లాడ్‌బజార్ లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. లక్కను బొగ్గుల కుంపటి మీద మెత్తబరిచి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి ఆరకముందే రాళ్ళు ఒక్కొక్కటే పొదగాలి. చేయి తిరిగిన స్త్రీపురుషులకు ఇది గర్వించదగ్గ కళ. కానీ గాజుల పరిశ్రమ అంతా ఆ కళాకారుల చేతుల్లో లేదు. 2015 జనవరిలో పోలీసులు పాతబస్తీ ఇళ్ళను సోదా చేస్తే, ఇరుకు గదుల్లో గాజులకు రాళ్ళు అతుకుతూ 200 మందికి పైగా పిల్లలు దొరికారు. ఎక్కువమంది బీహార్ పిల్లలు. తల్లిదండ్రుల చేతిలో కొద్దిపాటి పేషగీ పెట్టి తీసుకొచ్చినవాళ్ళు. గాలీ వెలుతురూ లేని గది, జిగురు ఘాటు, పొద్దున్నుంచి రాత్రిదాకా పని, పడుకోవడమూ అక్కడే.

ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో సోదాలు జరుగుతాయి. దొరికిన పిల్లల్ని బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచి, సొంతూళ్ళకు పంపుతారు. రైలెక్కించడంతో పని అయిపోదు. ఊళ్ళో బడిలో చేర్పించి, ఏడాదిపాటు కనిపెట్టి ఉండేవాళ్ళు లేకపోతే, అదే పిల్లవాడు అదే దలారి వెంట మళ్ళీ బండెక్కుతాడు.

అన్నం, మందు, కాగితం

దబీర్‌పురా వంతెన కింద 2012 నుంచి రోజూ మధ్యాహ్నం అన్నం పెడుతున్నారు. మొదలుపెట్టింది అజర్ మఖ్సూసీ. చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకుని ఆకలి ఎరిగినవాడు. వేళకు చాపలు పరుస్తారు, జనం వరసలో కూర్చుంటారు, అన్నమూ పప్పూ వడ్డిస్తారు. పేరు, మతం అడిగేవాళ్ళుండరు.

వైద్యంలో పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రి, పురానీ హవేలీలోని దుర్రేషెవార్ పిల్లల ఆసుపత్రి పేదలకు పాత దిక్కులు. హెల్పింగ్ హ్యాండ్ ఫౌండేషన్ ఇంకో దారి పట్టింది. సర్కారు దవాఖానాల్లో ఏ గదికి వెళ్ళాలో తెలియక తిరిగే రోగులకు సాయపడే కౌంటర్లు నడిపింది. నవాబ్ సాహెబ్ కుంటలో మసీదు ఆవరణలోనే ఆరోగ్య కేంద్రం తెరిచింది.

అన్నిటికంటే ఎక్కువ సమయం తినేది కాగితాల పని. 2017 జూన్ నుంచి తెలంగాణలో ఒంటరి మహిళలకు పింఛను వస్తోంది. మొదట నెలకు వెయ్యి, తర్వాత 2,016 రూపాయలు. మొగుడు వదిలేసిన స్త్రీకి ఇది నిజమైన ఆసరా. కానీ వదిలేశాడని ఎలా రుజువు చేయాలి? తలాక్ నోటితో చెప్పి పోయినవాడు కాగితం ఇవ్వడు. ఆధార్‌లో ఇంకా అత్తారింటి చిరునామా, రేషన్ కార్డులో మొగుడి పేరు. ఒక్కొక్క కార్డు మార్పించడానికి మీసేవ కేంద్రం చుట్టూ నాలుగైదుసార్లు తిరగాలి. తిరిగిన ప్రతిరోజూ కూలి పోతుంది. కార్యకర్త ఆమె వెంట క్యూలో నిలబడి, దరఖాస్తు నింపి, ఇరుగుపొరుగు సాక్ష్యం సంపాదించి పెడతారు.

పాతబస్తీని ఆనుకున్న బాలాపూర్, బార్కస్ వైపు మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా శరణార్థులు వేలమంది గుడిసెల్లో ఉంటున్నారు. వాళ్ళకైతే మార్పించుకోవడానికి కూడా కార్డు లేదు. చేతిలో ఉన్నది ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన గుర్తింపు పత్రం ఒక్కటే. వాళ్ళ మధ్య కోవా పనిచేస్తోంది. పిల్లల్ని బడిలో చేర్చడం, గర్భిణుల్ని దవాఖానాకు తీసుకెళ్ళడం, చెత్త ఏరే మగవాళ్ళకు మరో పని నేర్పడం అందులో భాగం. అక్కడ కూడా గుడిసెల మధ్య ఆడవాళ్ళు మొదట వచ్చి కూర్చునేది కుట్టుమిషన్ల దగ్గరే.