రాజీనామాకు దారి ఎలా ఏర్పడింది

పై అధికారి పోరు పడలేక ఒక బ్యాంకు వదిలి మరో బ్యాంకులో చేరడం ఇవాళ మామూలు సంగతి. ఈ తరానికి ఓపిక లేదని పెద్దలు, పాతతరానికి తెగువ లేదని పిల్లలు అంటుంటారు. రెండు మాటలూ అన్యాయమే. మేనేజరుతో పొసగని ఉద్యోగి ఉండాలా, వెళ్లాలా అన్నదాన్ని మన బ్యాంకుల్లో మనిషి స్వభావం కన్నా సర్వీసు నిబంధనలే ఎక్కువగా తేల్చాయి.

1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు స్థాపించేనాటికి దేశమంతటికీ వర్తించే జీతాల ఒప్పందమేదీ బ్యాంకు గుమాస్తాలకు లేదు. 1946లో కలకత్తాలో అఖిల భారత బ్యాంకు ఉద్యోగుల సంఘం పుట్టింది. జీతాలు, సర్వీసు నిబంధనలపై ట్రిబ్యునళ్ల తీర్పులుగా 1953లో శాస్త్రీ అవార్డు, 1962లో దేశాయ్ అవార్డు, ఆపై 1966లో యాజమాన్యాలకూ యూనియన్లకూ మధ్య మొదటి ద్వైపాక్షిక ఒప్పందం వచ్చాయి. యాజమాన్యం ఇష్టాయిష్టాలకు అలా పగ్గం పడింది. కానీ అన్ని బ్యాంకుల్లో జీతాలు దాదాపు ఒకటే అయ్యాక బ్యాంకు మారి బాగుపడేదేముంది? సీనియారిటీ పోగొట్టుకుని మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. 1969లో 14 బ్యాంకులు, 1980లో ఆంధ్రా బ్యాంకుతో సహా మరో ఆరు జాతీయమయ్యాక ఈ పద్ధతి మరింత బిగుసుకుంది. 1995 నాటి పెన్షన్ నిబంధనలైతే రాజీనామా చేసినవారి వెనకటి సర్వీసంతా రద్దవుతుందని స్పష్టంగా చెప్పాయి. అన్నేళ్ల కష్టాన్ని వదులుకోలేని మనిషిని పిరికివాడని ఎలా అంటాం?

యూనియన్ అండ ఉండగా పారిపోవలసిన పనేమిటని కొందరడుగుతారు. అది గట్టి ప్రశ్నే. ఛార్జిషీటు వస్తే విచారణలో పక్కన నిలబడే మనిషిని యూనియన్ ఇచ్చింది. అది చిన్న మేలు కాదు. అయితే ఖాతాదారుల ముందు కసురుకోవడానికీ, అవసరానికి సెలవివ్వకపోవడానికీ ఒప్పందాల్లో సులువైన మందు లేదు. ఇక మిగిలింది బదిలీ. మేనేజరుకు బదిలీ అయితే ఊరట; అదే బదిలీని ఆయన ఆయుధం చేసుకుంటే కుటుంబం రెండు ఊళ్ల పాలు.

1993లో రిజర్వు బ్యాంకు కొత్త ప్రైవేటు బ్యాంకులకు తలుపు తీశాక పరిస్థితి మారింది. సికింద్రాబాద్‌లో గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు, ముంబైలో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు వంటివి వచ్చాయి. వాటికి పని తెలిసినవాళ్లు కావలసివచ్చింది. అలా వెళ్లినవారు జీతం కోసమే వెళ్లారు, బాసుల పోరు పడలేక కాదనే వాదన ఉంది. జీతం పెద్ద ఆకర్షణే, కాదనలేం. కానీ ఇల్లు గడిచే భరోసా లేకుండా ఎంత అవమానమైనా ఎవరినీ గడప దాటించలేదు. కారణం బాసు అయినా, దారి ఇచ్చింది జీతమే. ఆ దారిలో ప్రమాదమూ ఉంది: గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు పదేళ్లకే, 2004లో, ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిసిపోయింది.

2010 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ బ్యాంకుల్లో చేరినవారికి ఉద్యోగం మారినా వెంట వచ్చే పెన్షన్ ఖాతా దక్కింది, ఖాయమైన పెన్షన్ పోయింది. ప్రైవేటులో నోటీసు పీరియడ్, రిలీవింగ్ లెటర్ కొత్త కట్లయ్యాయి. పాతకాలం ఉద్యోగికి నోరిచ్చి కాళ్లు కట్టేసింది. కొత్తకాలం కాళ్లు కొంతమేర విప్పి, నోరు నొక్కింది. ఈ రెంటిలో ఒకటి ఎంచుకోమనడం సరికాదు. ఉన్నచోటే ఫిర్యాదు వినే ఏర్పాటూ ఉండాలి, వెళ్లినా సంపాదించుకున్న సర్వీసు పోని హక్కూ ఉండాలి. వెళ్లగలిగినవాడి ఫిర్యాదునే పై అధికారి శ్రద్ధగా వింటాడు.