చిలుము పట్టిన కొండ

మా హొసూరు గౌరీబిదనూరు తాలూకాలోనిది; ఇంట తెలుగు, బడిలో కన్నడము, సంతలో రెండునుగల సీమ. ఇక్కడ పెరిగిన పిల్లవానికి రాగి యనగానే మొదట మనసున మెదలునది లోహము కాదు, ఆవిరులు గ్రక్కు ముద్ద. కన్నడిగులకు రాగి ధాన్యము మాత్రమే, లోహమును వారు తామ్రమందురు. మన తెలుగువారు మాత్రము చేనిలో పండు దానిని, గనిలో దొరకు దానిని ఇంచుమించు ఒకే పేరున పిలిచి, ధాన్యమును రాగులని బహువచనమున నిలిపి ఊరకుందురు. నా చిన్ననాట మా అవ్వ వారమున కొకమారు రాగిబిందెను పెరటిలోనికి తెచ్చి, చింతపండు గుజ్జును బూడిదను కలిపి తోముచుండగా, మెడ మడతలలో దాగిన పచ్చని చిలుము కరగి ఆమె వ్రేళ్లసందున కారుట చూచి, ఎఱ్ఱని బిందెకు ఈ పచ్చదనమెక్కడిదని అడిగితిని. "గాలికి వస్తుంది లేరా, దాంట్లో మజ్జిగ మాత్రం పోయగూడదు" అని ఆమె చెప్పిన మాటలో, తరువాత చదివిన రసాయనశాస్త్రము సరిదిద్దవలసినదేమియు లేకపోయినది.

బిందె మెడకు పట్టు ఆ చిలుమే కొండకును పట్టును. గంధకముతోను ఇనుముతోను కూడియున్న రాగిఖనిజము నేలపైకి తేలినచోట వానయు గాలియు దానిని కొరికి, గంధకమును కొనిపోయి, ఇనుమును తుప్పురాయిగా మిగిల్చి, రాగిలో కొంతభాగమును పగుళ్లవెంట పచ్చని పూతగా పరచును. ఈ తుప్పుకప్పును, ఆ పచ్చమరకను ఆనవాలుపట్టుట ఎంత పాత విద్యయో తెలియవలెనన్న అర్థశాస్త్రమునందలి ఆకరాధ్యక్షుని ప్రకరణము చాలును. గనుల అధికారి పాతగనిని ఎట్లు గుర్తింపవలెనో చెప్పుచు కౌటిల్యుడు కిట్టమును, మూసలను, బొగ్గును, బూడిదను వెదకుమన్నాడు. అనగా ఆ గ్రంథము నాటికే పాతబడిన గనులుండెనన్నమాట. రాగిని క్రొత్తగా కనుగొంటిమని చెప్పుకొను ప్రతివానికిని ముందొకడు ఉండుట ఈ విద్యలో నియమమేగాని అపవాదము కాదు.

మా వైపు కొండలయందు ఈ మరక దొరకదు. మధుగిరి ఏకశిలవలె ఇక్కడివన్నియు కరకు గ్రానైటు బండలు. రాగికి వీనిలో తావు లేదు. మధుగిరి, సిరా, హిరియూరులమీదుగా చిత్రదుర్గమునకు పోవువాడు ఐమంగళము దాటువేళ మార్గము వదలి మరడిహళ్లిని చూచిన, నేల స్వభావము మారుట కంటికే తోచును. అచ్చట నల్లని రాయి దొంతరగా పేర్చిన తలదిండ్లవలె, ఒకదాని పల్లమున ఒకటి ఒదిగి, అంచున సన్నని నల్లపొరతో పరచియున్నది. నీటిలోనికి పొర్లిన లావా తటాలున చల్లబడినప్పుడే ఇట్టి యాకారము వచ్చును గనుక, ఈనాడు చినుకుకై ఎదురుచూచు ఆ మెట్టసీమ 250 కోట్ల సంవత్సరములకు పూర్వము సముద్రగర్భమైయుండెననుటకు అంతకు మించిన సాక్ష్యము అక్కరలేదు. భారత భూగర్భ సర్వేక్షణశాఖవారు ఆ స్థలమును జాతీయ భూగర్భ స్మారకముగా కాపాడుచున్నారు.

చిత్రదుర్గమునకు ఆగ్నేయమున, కొలది మైళ్ల దూరముననున్న ఇంగళదాళు రాగి ఈ లావా వంశములోనిదే. అది అచ్చటికెట్లు చేరెనను ప్రశ్నకు చాలకాలము పండితులు ఊహలతోనే సరిపెట్టుకొనిరి. 1979లో ఆల్విన్ అను జలాంతర్వాహనము మెక్సికో తీరమునకు దూరముగా పసిఫిక్ గర్భమున, రమారమి 2,600 మీటర్ల లోతున, నల్లని పొగ గ్రక్కు గొట్టములను కనుగొన్నది. 350 డిగ్రీలకు మించిన ఆ నీటియుష్ణమునకు మామూలు ఉష్ణమాపకము తాళలేకపోయినది. లావా పగుళ్లలోనికి ఇంకిన సముద్రజలము అడుగున కాగి, రాతిలోని రాగిని, ఇనుమును, తుత్తునాగమును కరగించుకొని పైకెగసి, చల్లని నీటిని తాకినంతనే ఆ లోహములు గంధకముతో కూడి మసివలె రాలి గుట్టలగును. సైప్రసు ద్వీపపు గనులు ఇట్లే పుట్టినవి. లాటినులో రాగికి పేరిచ్చినది ఆ ద్వీపమే. ఇంగళదాళునకును అట్టి పుట్టుకనే చెప్పుదురు, అయితే దానిని తరువాతి యుగముల ఒత్తిడి మడచి, నిలువునకు త్రిప్పి, సాగదీసినది.

ఈ జాతి ముడిరాయిని చేతికెత్తుకొన్న మొదట తోచునది బరువు: పిడికెడు రాయికి ఉండదగినంతకన్న ఎక్కువ. విరిచినచోట ఇత్తడి నిగనిగ, అందందు ఇంద్రధనుస్సుపూత. కత్తిమొనతో గీచినప్పుడు గీతపడి పచ్చచాయ నల్లపొడి రాలిన అది నూటికి 34 పాళ్లు రాగిగల చాల్కోపైరైటు. మొన జారిపోయిన వట్టి ఇనుపగంధకము, పైరైటు. మన వైద్యులు స్వర్ణమాక్షికమని భస్మము చేయునది ఈ కుటుంబములోనిదే. అయితే రాయి మొత్తమున చెదరియున్న రాగి ఇట్టి గనులలో తరచు నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే.

ఇంగళదాళున ఆధునికులు అడుగిడునప్పటికే పూర్వులు త్రవ్విన గోతులుండినవి. మందుగుండు లేని కాలమున గట్టిరాతిని పగులగొట్టు ఉపాయము నిప్పు: కట్టెలు పేర్చి రాతిముఖమును కాల్చి, చిట్లిన పొరలను సుత్తితో రాల్చుట. ఇరుకైన గోతిలో ఆ పొగను పీల్చుచు పనిచేసినవారి నామధేయములు మనకు రాలేదు. చిత్రదుర్గము ప్రక్కనున్న చంద్రవల్లిలో 1947లో పురాతత్త్వవేత్త వీలర్ త్రవ్వించినప్పుడు శాతవాహనుల నాణెములును రోమక వెండినాణెములును బయటపడి ఆ పురమునకు చరిత్రలో స్థానము దొరికినది. గోతులవారిని మాత్రము నాణెములను వెదకినంత శ్రద్ధగా వెదకినవారు లేరు. ఈ పక్షపాతము నాకు ఎప్పటినుండియో కంటగింపు.

మైసూరు సంస్థానమున భూగర్భశాఖ 1894లో వెలసినది. ధార్వాడు శిలలకు పేరుపెట్టిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ సంస్థానమునను పనిచేసినాడు. ఇక నేలలో దాగిన రాగిని వెదకు ఉపాయమునకు వచ్చిన, గంధకఖనిజము నేలలో సహజమైన విద్యుద్ఘటమువలె ప్రవర్తించునని 1830లోనే కార్న్‌వాల్ రాగిగనులయందు రాబర్ట్ ఫాక్స్ కనిపెట్టియుండెను. ఆ స్వల్పవిద్యుత్తును కొలుచు పనిముట్టు కుమ్మరివాడు చూచిన నవ్వుకొనునంత సులువైనది: మెరుగుపెట్టని రెండు మట్టికుండలు, వానిలో మైలుతుత్తపు నీరు, ఆ నీట ఒక్కొక రాగికడ్డీ, నడుమ తీగ, దానికొక కొలతముల్లు. రాగితోనే రాగిని వెదకుట! ముల్లు ఋణమువైపు వంగినచోట రాగి కలదని ఆశపడి త్రవ్వినవానికి పెన్సిలు ముక్కకు పనికివచ్చు నల్లగ్రాఫైటు దొరకుటయు కద్దు, ఏలయన దాని విద్యుల్లక్షణమును అట్టిదే. అందువలన వజ్రపుమొన గొట్టముతో రాతిని తొలిచి, కడ్డీవలె వచ్చిన శిలను మీటరు మీటరుగా పెట్టెలలో పేర్చి పరీక్షించుదాక ఎవడును గని కలదని ప్రమాణము చేయడు.

ఇంగళదాళున గని వెలసి, కొంతకాలమునకు హట్టి బంగారుగనుల సంస్థ చేతిలోనికి వచ్చి, రాతిని పిండిగా నూరి, నూనె కలిపిన నీట నురుగెత్తించి, నురుగుబుడగల నంటుకొని తేలిన గంధకఖనిజమును తీసికొనుచు నడచి, చివరకు రాగిపని మూతపడినది. కోలారు బంగారము 2001లో ఆగినప్పుడు దేశమంతయు పలికినది. రాగికి అట్టి శోకము ఎవరును పాటింపలేదు.

మన ఆంధ్రదేశమునను ఇదే కథ. సామర్లకోట తోటను చూచుకొన్న కుంపిణీ వైద్యుడు బెంజమిన్ హెయిన్ 1814లో లండనున ప్రకటించిన గ్రంథములో అగ్నిగుండాల రాగిగనులను వర్ణించినాడు. అచ్చటి రాయి లావా కాదు, సున్నపురాతి జాతిది. ఆతడు చూచినవియు పూర్వుల గోతులే. ఆ యూరి పేరు కొలిమిగుండముల జ్ఞాపకమేమోనని నా ఊహ. కాని 1920లో మా హొసూరున జన్మించిన భౌతికశాస్త్రాచార్యులు నరసింహయ్యగారివంటివారు ప్రమాణము చూపనిదే ఇట్టి మాటను ఒప్పరు గనుక దీనిని ఊహగానే వదలుచున్నాను.

తిరిగి మా సీమకు వచ్చిన, నందికొండ దిగువనున్న భోగనందీశ్వరాలయ చరిత్రకు క్రీ.శ. 810 ప్రాంతపు బాణరాజుల రాగిరేకులు ఆధారము. ఇట్టి తామ్రశాసనములలో దాత వంశమును, పొలిమేరలును, అపహరించినవానికి పట్టు పాపమును, తరచు చెక్కినవాని పేరును ఉండును. ఆ రేకు ఏ కొండ కడుపున పుట్టినదో, దానిని ఎవరు నిప్పుపెట్టి రాల్చిరో చెప్పు పంక్తి మాత్రము నేను చదివినవానిలో ఒక్కటియు లేదు.