వృద్ధుల మిత్రమా?

న్యుమోనియాను వైద్యాచార్యుడు ఆస్లరు 1892లో వృద్ధుల శత్రువనెను. ఆ గ్రంథమే 1898లో మరల వెలువడినపుడు మిత్రమనెను. దీర్ఘబాధ లేక ప్రాణము పోవునని ఆయన భావము. (1919లో ఆయనయు న్యుమోనియా పీడితుడై మరణించెను.) ఈ పేరులో ఒక చిక్కున్నది: మిత్రుడు వచ్చునపుడు అడ్డగించువారుండరు.

1935లో లండను చెంతనున్న వెస్టు మిడిలుసెక్సు ఆసుపత్రికి, పక్కనున్న బీదల శరణాలయమునుండి 700 మందికి పైగా రోగులు సంక్రమించిరి. పెక్కుమంది ఏండ్ల తరబడి మంచము దిగని ముసలివారు. డాక్టరు మార్జరీ వారెను వారినొక్కొక్కరినే పరీక్షించి, లేపి కూర్చుండబెట్టి, వీలైనవారిని నడిపించెను. కదలక పడియున్నవారి ఊపిరితిత్తుల అడుగున కఫము నిలుచును. దగ్గు సత్తువ చాలదు. మింగిన మెతుకు, నోటి మాలిన్యముతోకూడ పొలమారి లోనికి జారును.

అందుచేతనే జపాను వృద్ధాశ్రమములలో రెండేండ్లపాటు భోజనమైన వెంటనే కొందరికి పళ్లు తోమించి చూచిరి. ఫలితము 1999లో వెలువడెను: తోమించనివారిలో నూటికి 19 మందికి, తోమించినవారిలో 11 మందికి న్యుమోనియా సోకెను.