పేయర్ ప్యాచ్‌లు
చిన్నపేగు గోడలో గుంపులుగా ఉండే లింఫ్ కణజాలపు ముద్దలు. ఎక్కువగా పేగు చివరి భాగమైన ఇలియంలో కనిపిస్తాయి. 1677లో వీటిని వర్ణించిన స్విట్జర్లాండ్ వైద్యుడు యోహాన్ కాన్రాడ్ పేయర్ పేరే వీటికి స్థిరపడింది. పాపం, ఆయన వీటిని గ్రంథులనుకున్నాడు. వయసు మీదపడేకొద్దీ వీటి సంఖ్య తగ్గుతుంది.

వీటిని కప్పిన పొరలోని ఎం కణాలు, తిండితో పాటు వచ్చే సూక్ష్మజీవులను పట్టి లోపలి డెండ్రైటిక్ కణాలనే రోగనిరోధక కణాలకు అందిస్తాయి. అక్కడ ప్రేరేపితమైన బి కణాలు లింఫ్, రక్తం గుండా ప్రయాణించి మళ్లీ పేగుకే చేరి, ఐజీఏ ప్రతిరక్షకాలను తయారుచేస్తాయి. పోలియో చుక్కలు పేగులోనే రక్షణ కల్పించేది ఈ మార్గంలోనే. పోలియో సూదిమందు ఆ పని అంతగా చేయలేదు.

చిక్కంతా ఎం కణాలనే ఈ తలుపుతోనే. టైఫాయిడ్ బ్యాక్టీరియా కూడా ఎం కణాల గుండానే చొరబడుతుంది. ప్యాచ్‌లు వాచి, కుళ్లి, పుండ్లు పడతాయి. టైఫాయిడ్ పుండ్లు పేగు పొడవు వెంబడి సాగుతాయి; క్షయ పుండ్లు అడ్డంగా చుట్టుకుంటాయి. చికిత్స అందకపోతే, సాధారణంగా మూడో వారంలో, పేగులో రక్తస్రావం కావచ్చు, చిల్లు పడవచ్చు. టైఫాయిడ్ రోగికి హఠాత్తుగా తీవ్రమైన కడుపునొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.