వ్యక్తి స్వాతంత్ర్యము - జాతి గౌరవము

ఉదారవాదమును జాతీయవాదమును ఐరోపా ఖండమున ఒక్క యింట పెరిగిన సోదరులు. 1789వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీన ఫ్రాన్సు దేశపు జాతీయసభ ఆమోదించిన మానవహక్కుల ప్రకటనలో ఈ రెండింటికిని తావు కలదు. స్వేచ్ఛ, ఆస్తి, భద్రత, పీడనమును ప్రతిఘటించుట యనునవి మానవుని సహజ హక్కులని అందలి రెండవ అధికరణము చెప్పుచున్నది. సార్వభౌమాధికారమునకు మూలము జాతియే యని మూడవ అధికరణము చెప్పుచున్నది. రాజుల నిరంకుశత్వమును కూలద్రోయునంతవరకు ఈ రెండింటికిని వైరుధ్యము కానరాలేదు. రాజు తొలగి ఆ పీఠమున జాతియే కూర్చున్న పిమ్మట, జాతి పేరిట పౌరునకు అన్యాయము జరిగినచో ఆతనికి దిక్కెవ్వరను ప్రశ్న పుట్టినది. నూరేండ్ల తరువాత ఆ దేశముననే ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలసివచ్చెను. ఆ చరిత్రమే డ్రేఫస్ వ్యవహారము.

1870-71 సంవత్సరముల యుద్ధమున ఫ్రాన్సు జర్మనులచే ఓడి, ఆల్సేసు ప్రాంతమును లోరెయిన్‌లో కొంత భాగమును కోల్పోయెను. ఆ పరాభవము ప్రజల హృదయములలో మానని గాయమయ్యెను. కోల్పోయిన భూమిని తిరిగి తెచ్చునది సైన్యమే గావున, సైన్యమును శంకించుట దేశద్రోహమను భావము ప్రబలెను. యూదులకు 1791లోనే పౌరసత్వము లభించినను, వారిపై ద్వేషమును రగుల్చు పత్రికలకు కొదువ లేకుండెను.

1894 సెప్టెంబరులో పారిసు నగరమందలి జర్మను రాయబార కార్యాలయపు చెత్తబుట్టనుండి ఒక కాగితము ఫ్రెంచి గూఢచారి శాఖకు చేరెను. జర్మనులకు అందింపబడు సైనిక రహస్యముల జాబితా అది. దానిపై చేవ్రాలు లేదు. ఆల్సేసులో పుట్టిన యూదుడు, కెప్టెన్ ఆల్‌ఫ్రెడ్ డ్రేఫస్ దస్తూరిని అది పోలియున్నదని ఆతనిని బంధించిరి. దస్తూరి పరీక్షకులలో ఏకాభిప్రాయము లేదు. ఐనను ముద్దాయికి గాని ఆతని న్యాయవాదికి గాని చూపని రహస్య దస్త్రమొకటి న్యాయమూర్తుల చేతికి అందింపబడెను. డిసెంబరు 22వ తేదీన సైనిక న్యాయస్థానము ఆతనికి యావజ్జీవ ద్వీపాంతరవాసము విధించెను. 1895 జనవరి 5వ తేదీన జనసమూహము తిట్టిపోయుచుండగా ఆతని భుజకీర్తులు ఊడబెరికి, ఖడ్గమును విరిచిరి. తాను నిర్దోషినని ఆతడు ఎలుగెత్తి చెప్పుచుండెను. పిమ్మట దక్షిణ అమెరికా తీరమందలి డెవిల్స్ ద్వీపమున ఆతనిని ఏకాంతముగ నిర్బంధించిరి.

1896లో గూఢచారి శాఖాధిపతి పికార్, ఆ జాబితాలోని దస్తూరి ఎస్టర్‌హేజీ యను మరియొక సైనికోద్యోగిదని కనుగొనెను. పికార్‌కు యూదులయెడ అభిమానము లేదు. ఐనను సాక్ష్యము చూపిన దారినే ఆతడు నడచెను. ఫలితముగ ఆతనిని ట్యునీషియాకు పంపివైచిరి. 1898 జనవరి 11వ తేదీన ఎస్టర్‌హేజీ నిర్దోషియని సైనిక న్యాయస్థానము తీర్పు చెప్పెను. రెండు దినములకే నవలాకర్త ఎమిలీ జోలా, రిపబ్లికు అధ్యక్షునకు వ్రాసిన బహిరంగ లేఖను లారోర్ పత్రికలో ప్రకటించి, సైన్యాధికారులపై పేరుపేరున నేరము మోపెను. అందులకు ఆతనికి ఒక సంవత్సరము ఖైదు, మూడువేల ఫ్రాంకుల జరిమానా విధింపబడగా, ఆతడు ఇంగ్లండునకు వెడలిపోయెను. ఆ యేటనే మానవహక్కుల సమితి స్థాపింపబడెను.

జాతీయవాదుల వాదము తేలికగ త్రోసివేయదగినది కాదు. సైన్యముపై నమ్మకము సడలినచో దేశమే శత్రువు పాలగును. ఒక్కనికొరకు దేశమును బలియీయవచ్చునా యని వారడిగిరి. మన భారతమున విదురుడును కులముకొరకు ఒకనిని విడువవచ్చునని చెప్పియున్నాడు గదా యని ఎవరైన శంకింపవచ్చును. కాని విదురుడు ఆ మాట పలికినది దుర్యోధనునిగూర్చి. కులనాశకుని గూర్చియే గాని నిరపరాధిని గూర్చి కాదు. మరియు ఆ నీతి కులము, గ్రామము, జనపదము అని మెట్లెక్కి, కడపట ఆత్మకొరకు భూమినంతను విడువవచ్చునని ముగియుచున్నది. నడిమి మెట్టున ఆగినవారికి ఆ నీతి పూర్తిగ తెలియనట్లే.

 1898 జులై 7వ తేదీన యుద్ధమంత్రి కవేన్యాక్ శాసనసభలో ఒక లేఖను చదివి, డ్రేఫస్ దోషి యనుటకు ఇదియే నిదర్శనమనెను. ఆ ప్రసంగమును దేశమందలి ప్రతి గ్రామమునను గోడలకు అంటింపవలెనని సభ తీర్మానించెను. ఆగస్టులో ఒక రాత్రి కెప్టెన్ కిన్యే యను ఉద్యోగి దీపపు వెలుగున ఆ లేఖను పరీక్షింపగా, కాగితపు తలకట్టునందలి గీతలు ఒక రంగుగను, నడిమి భాగపు గీతలు వేరొక రంగుగను కన్పట్టెను. రెండు లేఖల తునుకలు అతికి చేసిన కూటలేఖ అది. దానిని సృష్టించిన కర్నల్ హెన్రీ నేరము నొప్పుకొని, బంధింపబడి, మరునాడే గొంతు కోసికొని మరణించెను. అప్పుడును చార్లెస్ మొరాస్ యను రచయిత హెన్రీ చేసినది దేశభక్తి కార్యమని కొనియాడెను. ఉదారవాదులు ఎదిరించినది ఈ భావమునే. దేశముపై ప్రేమను వారు నిరసింపలేదు. అసత్యమును దేశప్రేమగ చెల్లుబాటు చేయుటను నిరసించిరి.

1899 సెప్టెంబరులో రెన్ పట్టణమున జరిగిన పునర్విచారణలో ఐదుగురు న్యాయమూర్తులు డ్రేఫస్ దోషియనిరి, ఇద్దరు కాదనిరి. పదిదినములకు అధ్యక్షుడు ఆతనిని క్షమించెను. క్షమ న్యాయము కాదు గావున పోరాటము సాగెను. 1906 జులై 12వ తేదీన అత్యున్నత న్యాయస్థానము ఆ శిక్షను రద్దుచేయగా ఆతడు మేజరుగ సైన్యమున తిరిగి చేరెను. మొదటి ప్రపంచ యుద్ధమున తన్ను వెలివేసిన దేశముకొరకే కొలువు చేసెను. భయపడినట్లు దేశము శత్రువు పాలు కాలేదు. ఆతడు 1935లో మరణించెను. 2025లో ఫ్రెంచి పార్లమెంటు ఆతనికి బ్రిగేడియర్ జనరల్ హోదాను చట్టముద్వారా ఒసంగెను.

జాతి గౌరవము తప్పును దాచుటవలన నిలువదు. దిద్దుకొనుటవలన నిలుచునని ఈ చరిత్రము చెప్పుచున్నది. 1949 నవంబరు 26వ తేదీన ఆమోదింపబడిన మన రాజ్యాంగపు పీఠికలో సౌభ్రాత్రము ప్రస్తావింపబడిన చోట, వ్యక్తి గౌరవము ముందును జాతి సమైక్యత తరువాతను పేర్కొనబడినవి. ఆ రెండింటిని జోడించి కాపాడుకొను భారము పౌరులది. అందులకు ఇరుపక్షముల వ్రాతలను చదివి, పోల్చి, సత్యమును తేల్చుకొను అలవాటు వలయును. ఆ అలవాటు నేర్పు చోటు గ్రంథాలయమే.